ఢిల్లీ – శాన్ ఫ్రాన్సిస్కో: విమాన దూరం, ప్రయాణ కాలం

ఢిల్లీ నుంచి అమెరికా పశ్చిమ తీరంలోని శాన్ ఫ్రాన్సిస్కోకు భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 12,400 కిలోమీటర్లు. ఢిల్లీలో దాదాపు ఉత్తర దిక్కుగా బయలుదేరే ఈ గీత టిబెట్, సైబీరియాలు దాటి, ఆర్కిటిక్‌లో 75 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైగా వెళ్లి, అలాస్కా మీదుగా దక్షిణానికి వస్తుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో లెక్కిస్తే 13 గంటల 45 నిమిషాల ప్రయాణం. కానీ విమానాలు సాధారణంగా ఈ గీత పట్టుకుని పోవు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్లు; క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 3,000 మీటర్ల దాకా దిగాలి, అక్కడ అందుకు చోటుండదు. పైగా ఏ దేశ గగనతలం ఎవరికి తెరిచి ఉందన్నది రాజకీయాలను బట్టి మారుతుంది. అందుకే దూర నగరాల మధ్య ఎడాన్ని కిలోమీటర్లలో కంటే గంటల్లో కొలవడమే సబబు.

ఇందుకు గట్టి రుజువు ఈ మార్గంలోనే ఉంది. ఎయిరిండియా 2015 డిసెంబరులో ప్రారంభించిన నాన్‌స్టాప్ సర్వీసు మొదట అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. 2016 అక్టోబరులో ఆ సంస్థ బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానాన్ని పసిఫిక్ మీదుగా, దాదాపు 15,300 కిలోమీటర్ల దారిలో నడిపింది. 1,400 కిలోమీటర్లు అదనంగా తిరిగినా అది దాదాపు 14 గంటల 30 నిమిషాల్లో గమ్యం చేరింది. ఇంచుమించు రెండు గంటలు కలిసొచ్చాయి. సగటున గంటకు 1,055 కిలోమీటర్లు! పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు వెనక నుంచి తోయడమే దీనికి కారణం. అట్లాంటిక్ దారిలో అవే గాలులు ఎదురొస్తాయి.

భూమి తిరగడం వల్లే ఈ తేడా అని చాలామంది అనుకుంటారు. భూమితో పాటు వాతావరణమూ తిరుగుతుంది కనుక భూభ్రమణం విమానానికి నేరుగా తోడ్పడదు. ఆ గాలుల దిశను నిర్ణయించడంలోనే దాని పాత్ర. దూరం పెరిగితే ఇంధన ఖర్చూ పెరగదా అన్నది మరో సందేహం. ఖర్చు ప్రధానంగా గాలిలో గడిపే సమయాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, త్వరగా చేర్చే చుట్టుదారే చవక కావచ్చు. అలాగని పసిఫిక్ దారే ఎప్పుడూ మేలని చెప్పలేం. జెట్ స్ట్రీమ్ చలికాలంలో బలపడుతుంది, వేసవిలో సన్నగిల్లుతుంది, రోజుకో చోటికి జరుగుతుంది. అందుకే ప్రతి ప్రయాణానికీ దారిని ఆనాటి గాలులను చూసి మళ్లీ నిర్ణయిస్తారు.

శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాలైన బే ఏరియాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులు టికెట్ మీది సమయాలను జాగ్రత్తగా చదవాలి. అవి ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. చలికాలంలో శాన్ ఫ్రాన్సిస్కో మనకంటే 13 గంటల 30 నిమిషాలు, వేసవిలో 12 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. జనవరిలో తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో ఎక్కి 15 గంటలు ప్రయాణిస్తే, అక్కడ అదే రోజు ఉదయం 5.30కి దిగుతారు. గడియారంలో గంటన్నర తేడా కనిపించినా, మందులూ భోజనమూ మాత్రం 15 గంటల ప్రయాణానికి సరిపడా దగ్గర ఉంచుకోవాలి.