పేరున్న కుండ, పేరులేని దుప్పటి

మా ఇంట్లో ఒక కలంకారీ దుప్పటి ఉంది. అమ్మ ఎప్పుడో పెడనలో కొన్నది. ఆన్‌సైట్‌కి సిన్సినాటి వెళ్ళినప్పుడు పెట్టెలో పడేసుకెళ్ళాను. అక్కడ ఓ పాత సామాన్ల షాపులో జానెడు పూలకుండ రేటు చూసి కళ్ళు తిరిగాయి. ఏముందండీ ఇందులో అంటే, షాపాయన కుండని తిరగేసి అడుగు చూపించాడు.

అది రూక్‌వుడ్ వాళ్ళ కుండ. 1880లో మరియా లాంగ్‌వర్త్ నికోల్స్ అనే ఆవిడ ఆ ఊళ్ళోనే పెట్టిన కంపెనీ. 1886లో ఆర్, పీ అక్షరాలు కలిపి ఒక ముద్ర తయారు చేసుకుని, ఆ తర్వాత ఏడాదికో మంట గుర్తు చేర్చుకుంటూ పోయారు. 1900కి 14 మంటలు. పక్కనే బొమ్మ వేసినవాళ్ళ సంతకం. 1887లో చేరిన కతారో షిరయమదాని అయితే జపాన్ లిపిలోనే సంతకం చేసేవాడు. కలెక్టర్లు ముందు చూసేది ఆ అడుగునే.

రూముకొచ్చి నా దుప్పటి తిరగేశాను. ఏమీ లేదు.

నిజానికి మన బందరు సరుకు రూక్‌వుడ్‌కి ముత్తాత. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో దుకాణం తెరిచిందే ఈ బట్టల కోసం. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద పటికనీళ్ళతో బొమ్మ వేస్తారు. అప్పుడేమీ పెద్దగా కనపడదు. చిరివేరు వేసి ఉడకబెడితే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, ఉతికినా పోదు. నలుపుకేమో ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన కసిం. (మన కెమిస్ట్రీ ల్యాబులో ఇవి చెప్పుంటే నేను పాసయ్యేవాణ్ణేమో!) కృష్ణ ముఖద్వారం దగ్గరి గుల్ల ఇసకలో పెరిగిన వేరుకి ఎరుపు ఇంకా బాగా వచ్చేది. ఈ బట్టల దెబ్బకి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి వీటి మీద నిషేధాలు పెట్టుకున్నాయి.

ఇప్పుడా కోరమాండల్ బట్టలు లండన్, న్యూయార్క్ మ్యూజియంలలో ఉన్నాయి. కొన్నిటి వెనక ముద్ర కూడా ఉంది, ఈస్టిండియా కంపెనీది. రంగులద్దినవాడి పేరు మాత్రం దాదాపు ఎక్కడా కనపడదు. బయానా ఇచ్చింది వర్తకుడు, డిజైను చెప్పింది కొనేవాడు, మరి ముద్ర సరుకు యజమానిదే అవుతుంది కదా. రూక్‌వుడ్‌లో పనిచేసిన వాళ్ళూ జీతగాళ్ళే. అయినా వాళ్ళ పేర్లు నిలిచాయి, కంపెనీ సంతకం చేయనిచ్చింది కాబట్టి. నాకైతే తేడా అంతా అక్కడే ఉందనిపిస్తుంది.

1864 తుఫానులో బందరు తుడిచిపెట్టుకుపోయింది, దాదాపు 30,000 మంది పోయారు. మిల్లు బట్టలూ, రసాయన రంగులూ కూడా మెడమీదకొచ్చాయి. ఇంత జరిగినా పెడనలో టేకు అచ్చులు ఆగలేదంటే ఆశ్చర్యమే. ఇవాళ వాటికి పోటీ స్క్రీన్ ప్రింట్లు. అవీ కలంకారీ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. సంతకం లేని సరుక్కి నకిలీ తీయడం ఎంతసేపు?

మొన్న సెలవులకొచ్చినప్పుడు పెడన వెళ్ళి ఇంకో దుప్పటి కొన్నాను. "ఇది అద్దింది ఎవరండీ, పేరు చెప్తారా?" అన్నాను. కొట్టాయన ముఖం మారిపోయింది.

"ఏం బాబూ, రంగేమైనా పోతోందా?"

గిట్‌లో మనం బ్లేమ్ కొట్టేది కూడా అప్పుడే కదా!