పట్టాదారు ఒకరు, పంటదారు ఒకరు: పొందూరు ప్రాంతంలో సాగు సాయం

రైతు పేరిట వచ్చే ప్రభుత్వ సాయం ఏదైనా ముందు సర్వే నంబరును వెతుక్కుంటుంది. ఆ నంబరు ఎదుట ఉన్న పేరును పట్టుకుని ఆధార్‌కూ, అక్కడి నుంచి బ్యాంకు ఖాతాకూ చేరుతుంది. పట్టాదారే మడిలో దిగినన్నాళ్లూ ఇందులో చిక్కేమీ లేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరు మండలంలాంటి చోట్ల ఆ ఇద్దరూ వేరువేరు మనుషులై చాలాకాలమైంది. దుక్కి దున్నే మనిషికీ సాయం అందే ఖాతాకూ మధ్య ఉన్న ఈ ఎడమే ఈ వ్యాసంలో పరిశీలించే విషయం.

పొందూరు హౌరా–చెన్నై రైలు మార్గంలో ఉంది. ఉద్యోగానికో, భవన నిర్మాణ పనులకో విశాఖ, హైదరాబాద్, చెన్నై వెళ్లినవారు ఊళ్లో భూమిని అమ్మరు, పొరుగువారికో బంధువుకో నోటిమాట మీద అప్పగిస్తారు. పల్లంలో వరి, కోతల తర్వాత మిగిలిన తేమ మీద మినుము, పెసర. గరువుల్లో మెట్ట పంటలు. నీళ్లకు చెరువులు, వాటికి తోడు మడ్డువలస జలాశయం రెండో దశ కాలువ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు ఆ జలాశయం ఉన్న వంగర మండలం విజయనగరం జిల్లాకు వెళ్లింది, పొందూరు శ్రీకాకుళంలోనే మిగిలింది. కాలువ ఎగువన ఒక కలెక్టరు, దిగువన మరొక కలెక్టరు అన్నమాట.

కౌలు నోటిమాటగా మిగలడంలో చట్టానికీ వాటా ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కౌలుదారుకు కనీసం ఆరేళ్ల గడువు ఇచ్చింది, కౌలు మొత్తానికి పరిమితి పెట్టింది. ఉద్దేశం మంచిదే. కాగితం రాస్తే భూమి చేజారుతుందన్న భయం మాత్రం యజమానుల్లో పాతుకుపోయింది. 2004లో ఏర్పడిన జయతీ ఘోష్ కమిషన్ కౌలుదారులను గుర్తించి రుణం ఇవ్వాలని గట్టిగా చెప్పింది. 2011లో వచ్చిన సాగుదారుల చట్టం యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా రెవెన్యూ సిబ్బందే విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చే దారి తెరిచింది. 2019లో దాని స్థానంలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందాన్నీ, యజమాని సంతకాన్నీ తప్పనిసరి చేసింది. యజమాని భయం తీర్చడానికే ఈ మార్పు అన్నారు. నా దృష్టిలో ఇది వెనకడుగు: కార్డు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ప్రభుత్వం చేతి నుంచి పట్టాదారు చేతికి మారింది. ఎక్కడో మల్కాజ్‌గిరిలోనో గాజువాకలోనో ఉన్న మనిషి సంతకం కోసం ఉభాల (వరి ఊడ్పుల) వేళ ఎవరు తిరుగుతారు?

నగదు పథకాల్లో ఈ తేడా రూపాయల్లో కనిపిస్తుంది. 2019 ఫిబ్రవరిలో మొదలైన పీఎం కిసాన్ ఏడాదికి ఇచ్చే రూ.6,000 భూమి ఉన్న కుటుంబాలకే పరిమితం. అదే ఏడాది అక్టోబరు 15న రాష్ట్రం ప్రారంభించిన రైతు భరోసా దీన్ని కలుపుకుని రూ.13,500 చేసింది, సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకూ వర్తింపజేసింది. తూర్పు కాపులు, కాళింగులు, కొప్పుల వెలమలు బీసీ జాబితాలోనే ఉన్నారు కనుక ఈ ప్రాంతంలో కులం షరతు పెద్ద అడ్డంకి కాదు. అడ్డుపడేది 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు కార్డు. పైగా సొంతంగా అరెకరం ఉండి మూడెకరాలు కౌలుకు చేసే మనిషిని ఆ పథకం యజమానిగానే లెక్కించింది. ఉత్తరాంధ్ర కౌలుదారుల్లో ఇలాంటివారు తక్కువేమీ కాదు. 2025 ఆగస్టు 2న దర్శిలో ప్రారంభమైన అన్నదాత సుఖీభవ మొత్తాన్ని కేంద్రం వాటాతో కలిపి రూ.20,000కు పెంచింది. మొత్తం పెరిగే కొద్దీ పట్టాదారుకూ సాగుదారుకూ మధ్య తేడా కూడా పెరుగుతోంది. కౌలు ఖరారు చేసుకునే వేళ యజమాని ఈ సొమ్మును తనకు రావలసిందిగానే చూసుకుంటాడు, కౌలు తగ్గించడు.

బ్యాంకు పంట రుణం పట్టాదారు పాస్‌బుక్ మీద పుడుతుంది. సకాలంలో చెల్లిస్తే నాలుగు శాతమే పడే ఆ వడ్డీ ప్రయోజనం యజమానికే దక్కుతుంది. కౌలుదారు ఎరువుల దుకాణంలో అరువు పెడతాడు, ధాన్యం కళ్లంలో ఉండగానే ఆ అరువు తీర్చమంటారు. కాబట్టి కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ వచ్చేదాకా ధాన్యం ఆరబెట్టి ఆగే ఓపిక అతనికుండదు. 2025–26 ఖరీఫ్‌లో సాధారణ రకం వరికి క్వింటాలుకు రూ.2,369 మద్దతు ధర ప్రకటించినా, అప్పు ఇచ్చినవాడు చెప్పిందే అతని ధర. పంటల నమోదు చేసే ఈ-పంటలో యజమాని పేరే ఎక్కితే పంట నష్టం సాయం కూడా అటే వెళ్తుంది.

జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం 2019లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. సగటు అప్పు రూ.2,45,554, దేశంలోకెల్లా ఎక్కువ. ఈ అంకెను తరచూ ఉటంకిస్తాం గాని, కేవలం కూలి మీద బతికే కుటుంబాలు అందులో లేవన్నది మరిచిపోతాం.

భూమి కాగితం అడగకుండా ఇంటికి డబ్బు తెచ్చిన పెద్ద పథకాల్లో ఉపాధి హామీ ఒకటి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి విడత జిల్లాల్లో విజయనగరం ఉంది; శ్రీకాకుళం వంతు 2007లో వచ్చింది. చెరువు పూడిక తీసినా, గట్టు వేసినా ఆడమగలకు ఒకే రేటు. ఆడకూలి ఎప్పుడూ మగకూలి కంటే తక్కువగానే ఉంటూ వచ్చిన పల్లెల్లో ఇది చిన్న మార్పు కాదు. 2025–26లో రాష్ట్రానికి నిర్ణయించిన వేతనం రోజుకు రూ.307. ఇక రైతుల ఫిర్యాదు: ఉపాధి పనుల వల్ల ఉభాలకు మనుషులు దొరకడం లేదని. మన రాష్ట్రంలో ఈ పనులు ఎక్కువగా జరిగేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఊడ్పులకు ముందే. కూలీలు దొరకకపోవడానికి వలసను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పనిదినాలను 125కు పెంచుతూనే, సాగు పనులు ముమ్మరంగా ఉండే 60 రోజులు పనులు ఆపే వీలు కల్పించింది. ఖర్చులో 40 శాతం రాష్ట్రం మీద మోపింది. ఆ 60 రోజులు ఏవన్నది పొందూరు ఉభాలను చూసి తేల్చాలా, గోదావరి డెల్టా నాట్లను చూసి తేల్చాలా అన్నది కూలీల బేరాన్నే మార్చేసే ప్రశ్న.

ఇక పత్తి. పొందూరు సన్నఖాదీకి కావలసింది కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి వంటి స్థానిక రకాలు. గింజ తీయడం చేతితోనే, పీచు దువ్వడం వాలుగ చేప దవడ ఎముకతో, వడకడం ఒంటి కదురు రాట్నం మీద. గాంధీ మెచ్చిన ఈ పనికి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచీ ఆసరాగా ఉంది. వడికేవారికీ నేసేవారికీ ఖాదీ కమిషన్ గుర్తింపు, ధర పట్టిక ఉన్నాయి. ఆ పత్తి పండించే రైతును మాత్రం ఏ పథకమూ పేరు పెట్టి పిలవదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించేది మధ్యస్థ పింజకూ పొడవు పింజకూ. ఇతర పంటల మధ్య నాలుగు సాళ్లుగా వేసే పొట్టి పింజ పత్తి ఆ లెక్కకు పొసగదు. పంట బీమా కూడా అంత చిన్న విస్తీర్ణాన్ని విడిగా గుర్తించదు. రాబడి నమ్మకం లేనప్పుడు రైతు మొక్కజొన్నకో సరుగుడుకో మళ్లితే తప్పు పట్టలేం. ఇక్కడ కొత్త పథకం అక్కర్లేదు. విత్తేముందే ధర చెప్పి, కళ్లంలోనే కొనే ఏర్పాటుకు ఖాదీ సంఘానికి మూలధనం ఇస్తే చాలు. అప్పుడు చెల్లింపు పత్తి తెచ్చిన మనిషికే అందుతుంది, పొలం ఎవరి పేరున ఉన్నా.