హెదరు పొద చరిత్ర

స్కాట్లండు బీడునేలలందు ఊదారంగు పూలతో విరియు హెదరు పొదను మనము నేడు తలచుకొందము. పూర్వము పేదలకు అదియే చీపురు, అదియే పరుపు. 1802లో సాలిస్‌బరీ దీనికి కల్లూనా అని పేరిడెను. ఊడ్చి శుభ్రపరచుట యను అర్థముగల గ్రీకు పదము దానికి మూలము.

అంతకు 30 ఏండ్ల ముందు, 1772లో, క్యూ ఉద్యానము పంపగా స్కాట్లండువాడే యైన ఫ్రాన్సిస్ మాసన్ దక్షిణాఫ్రికా చేరి, హెదరుకు జ్ఞాతులైన ఎరికా మొక్కలను ఇంగ్లండునకు పంపెను. ధనికులు వానిని అద్దపుటిండ్లలో గారాబముగ పెంచిరి. ఆ మోజు ఒక శతాబ్దియైనను నిలువలేదు. బీడునేల హెదరు మాత్రము ఆరుబయటి తోటలలో నేటికిని నిలిచియున్నది.

దానికి ఎరువుతో పనిలేదు. సున్నము లేని పులుపు నేల, ఎండ, నీరు నిలువని చోటు చాలును. పూలు వాడిన పిదప పచ్చికొమ్మల వరకే కత్తిరింపవలెను; ముదురుకొయ్య సులభముగ చిగురింపదు. పుట్టిన నేల స్వభావ మెరిగి పెంచుటయే మొక్కకు మనము చేయగల మేలు.