బిగ్గర్ కోసం ఎవరూ ఏడవొద్దు

ఈసారి ఒక హత్య సినిమా గురించి మాట్లాడుకుందాం. పేరు ‘నేటివ్ సన్’, 1951లో వచ్చింది. రిచర్డ్ రైట్ 1940లో అదే పేరుతో రాసిన నవల దానికి మూలం.

కథ చికాగోది. బిగ్గర్ థామస్ ఇరవై ఏళ్ల నల్ల కుర్రాడు. తల్లి, చెల్లి, తమ్ముడితో ఎలుకలు తిరిగే ఒక్క గదిలో బతుకుతుంటాడు. డాల్టన్ అనే తెల్ల ధనవంతుడి ఇంట్లో డ్రైవరుగా చేరతాడు. మొదటి రాత్రే, తాగి ఒళ్లు తెలియని యజమాని కూతుర్ని ఆమె గదికి చేరుస్తాడు. అంతలో చూపులేని తల్లి లోపలికొస్తుంది. తెల్లపిల్ల గదిలో నల్లవాడు దొరికితే ఏమవుతుందో వాడికి తెలుసు. పిల్ల నోరు మెదపకుండా దిండు అదుముతాడు. ఆమె చచ్చిపోతుంది.

ఎవరు చంపారన్నది పోలీసుల ప్రశ్న. ఆ ఎలుకల గదికి అద్దె ఎవరికి చేరుతోందన్నది రైట్ ప్రశ్న. నవలలో అది డాల్టన్ కంపెనీకే చేరుతుంది. నల్ల కుర్రాళ్లకి పింగ్‌పాంగ్ బల్లలు దానం చేసేదీ ఆయనే! పొలాలన్నీ తమ దగ్గరుంచుకుని హాస్టల్ పిల్లలకి దుప్పట్లు పంచే దాతలు మనకి కొత్తా?

అంతకు రెండేళ్ల ముందు వచ్చిన తన కథల పుస్తకం చదివి బ్యాంకర్ల కూతుళ్లు కూడా ఏడ్చి మనసు తేలిక చేసుకున్నారని రైట్ గ్రహించాడు. ఈసారి ఏడ్చి తప్పించుకునే వీలివ్వకూడదనుకున్నాడు. అందుకే బిగ్గర్ మంచివాడు కాదు. తన ప్రియురాలు బెస్సీనీ చంపుతాడు. ఆ నల్లపిల్ల శవాన్ని తెల్లపిల్ల కేసులో సాక్ష్యంగా మాత్రమే చూపిస్తారు. ఆ అన్యాయాన్నీ రైట్ రాశాడు.

బిగ్గర్‌ని తెల్లవాడిగా మారుద్దామని హాలీవుడ్ వైపు నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. రైట్ ఒప్పుకోలేదు. చివరికి ఫ్రెంచి దర్శకుడు పియర్ షెనాల్ అర్జెంటీనాలో ఈ సినిమా తీశాడు. బిగ్గర్ వేషం నలభై దాటిన రైటే కట్టాడు. వయసు దాగదు, నటన తడబడుతుంది. అయినా వాడు నల్లవాడిగానే తెర మీదికొచ్చాడు. అమెరికాలో విడుదలకి దాదాపు అరగంట కత్తిరించారు. కోల్పోయిన భాగాలు మళ్లీ చేరడానికి అరవై ఏళ్లు పట్టింది.

కథలు రాసే నా విద్యార్థులు అడుగుతుంటారు: ‘మనవాణ్ణి చెడ్డవాడిగా రాస్తే వాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టు కాదా మేడం?’ ఆ భయం ఉత్తది కాదు. అయినా రాయండి. గది అద్దె లెక్కతో సహా రాయండి.

జై భీమ్.