పతకములును వీరతాళ్లును: కృష్ణా మండల ప్రేక్షకుని తీర్పు

ఏటేట చలనచిత్ర పురస్కారములు ప్రకటింపబడుటకు ముందు, ఏ చిత్రమునకు బహుమతి వచ్చును, ఏ నటునకు రాదు అని ఊహించి పందెములు వేసికొనుట మన ప్రజలకు చిరకాలముగా అలవాటైన వినోదము. మంగళగిరిలో గుంట మగ్గముల యొద్దను, టీ దుకాణముల బల్లలపైనను ఈ చర్చలను మేము తరచుగా వినుచున్నాము. ఆ చర్చలలోనే మఱియొక మాటయు వినవచ్చును: బహుమతి సంగతి యెట్లున్నను, ఫలానా చిత్రమును తాను ఎన్నిసార్లు చూచెనో ఎవరో ఒకరు చెప్పక మానరు. ఇది చరిత్ర పరిశోధనకు దగిన వస్తువు కాదని కొందఱు తలంపవచ్చును. మేము అట్లు తలపము. ఏ కావ్యము సన్మానింపబడినది, ఏ కావ్యము మరల మరల చదువబడినది అను రెండు ప్రశ్నలను సాహిత్య చరిత్రకారుడు వేఱువేఱుగా అడుగవలసి యుండును. చలనచిత్ర విషయమునను అంతే. బహుమతిని ఊహించువాడు ఒక సంఘము యొక్క మనస్సును చదువుచున్నాడు. చిత్రమును మరల చూచువాడు తన మనస్సును తాను చదువుకొనుచున్నాడు. ఈ రెండు తీర్పులు తెలుగుదేశమున ఎచ్చట విడిపోయినవో, ఎచ్చట కలిసినవో పరిశీలించుట ఈ వ్యాసమునందు మా యుద్దేశము.

మొదట సంఘము సంగతి. భారత ప్రభుత్వము 1949లో ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన చలనచిత్ర విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘము 1951లో తన నివేదికను సమర్పించెను. చలనచిత్రమును కేవల వ్యాపారముగా గాక జాతి సంస్కృతికి సంబంధించిన వ్యవహారముగా చూడవలెనను దృష్టి ఆ కాలమున బలపడినది. ఆ దృష్టి ఫలమే 1953 నాటి చిత్రములకు 1954లో తొలిసారి ఈయబడిన పురస్కారములు. ప్రథమ స్వర్ణపతకము ‘శ్యామ్‌చీ ఆయీ’ అను మరాఠీ చిత్రమునకు లభించినది. అదే 1954లో ఫిలింఫేర్ పత్రిక తన పాఠకుల ఓట్లను గొని బహుమతుల నిచ్చినపుడు ఉత్తమచిత్రముగ వచ్చినది ‘దో బీఘా జమీన్’. ప్రభుత్వ సంఘము ఈ చిత్రమును విస్మరింపలేదు, యోగ్యతాపత్రము నిచ్చినది. కాని పతకము నీయలేదు. అనగా ప్రారంభ సంవత్సరముననే విద్వత్సంఘము తీర్పును, చదువరుల తీర్పును రెండు త్రోవలు పట్టినవి. జ్యోస్యము చెప్పువాని వృత్తికి పునాది పడినది ఇచ్చటనే యని మా నమ్మకము.

మఱుసటి యేడు, అనగా 1954 నాటి చిత్రములలో, రాష్ట్రపతి రజతపతకమును పొందిన తెలుగుచిత్రము ‘పెద్దమనుషులు’. 1955 నాటి వానిలో ‘బంగారుపాప’. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక విశేషము గోచరించును. మొదటిది ఇబ్సెన్ రచించిన నాటకము నుండి, రెండవది జార్జి ఎలియట్ నవల నుండి ప్రేరణ పొందిన కథలు. తెలుగున తొలి రెండు పతకములును ఐరోపా సాహిత్యముతో చుట్టఱికము గల సాంఘికములకే దక్కినవి. ఇందు దోష మేమియు లేదు. డి.వి. నరసరాజుగారి రచన పురపాలక సంఘపు పెద్దల బండారమును ఎంత తెలుగుగా బయటపెట్టినదో చూచినవారికి తెలియును; గౌరీనాథశాస్త్రిగారి చైర్మను, రేలంగి ధరించిన తిక్క పాత్ర ఎవరికిని పరాయివారు కారు. అయినను నాటి పండితసభ్యుల అభిరుచి ఎటు మొగ్గినదో ఊహించువానికి ఇదొక గుర్తు.

‘పెద్దమనుషులు’ దర్శకులు కె.వి. రెడ్డిగారు. 1958లో వచ్చిన ‘పెండ్లినాటి ప్రమాణాలు’ చిత్రమునకు దర్శకులు వారే. దానికిని రజతపతకము లభించినది. ఈ రెండు పతకములకు నడుమ, 1957 మార్చి 27న, అదే దర్శకుని ‘మాయాబజార్’ విడుదలయైనది. ఆ యేటి కేంద్ర పురస్కారములలో తెలుగున గుర్తింపు పొందినది బి.ఎన్. రెడ్డిగారి ‘భాగ్యరేఖ’. ‘మాయాబజార్’కు పతకము లేదు. 2013లో, భారతీయ చలనచిత్రమునకు నూరేండ్లు నిండిన సందర్భమున, ఒక ఆంగ్ల వార్తా ప్రసార సంస్థ ప్రజల ఓట్లను సేకరింపగా, భారతదేశమున నిర్మింపబడిన చిత్రము లన్నిటిలో శ్రేష్ఠమైనదిగ ఎన్నికయైనది ఈ చిత్రమే. ఒకే దర్శకుడు, నాలుగైదేండ్ల వ్యవధి, మూడు చిత్రములు. పతకములు రెండింటికి, ప్రజాదరణ మూడవదానికి. ఇంతకంటె చక్కని పరీక్షాస్థలము చరిత్రకారునికి దొరకదు.

పౌరాణికములపై సంఘమునకు చిన్నచూపని తేల్చివేయుట సులభము. కాని అది నిలువదు. 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’, 1960 నాటి ‘మహాకవి కాళిదాసు’, 1963 నాటి ‘లవకుశ’ — ఇవన్నియు పూర్వకథలే, ఇవన్నియు గుర్తింపు పొందినవే. భేదము మఱియొకచోట నున్నదని మా అభిప్రాయము. లవకుశలో కరుణమున్నది, కాళిదాసులో జాతి గర్వించు కవి యున్నాడు. మాయాబజారులో ఉన్నది ఆట. దానికి ప్రయోజన మేమని అడిగిన సూటిగా చెప్పుటకు ఒక వాక్యము దొరకదు. ప్రయోజనమును అడుగుటకై ఏర్పడిన సంఘము హాస్యమును చూచి నవ్వినను, నవ్వినందుకు పతకము నీయదు. భరతుడు రసములలో హాస్యమునకు సమస్థాన మిచ్చెను గాని, ఆస్థానములు మాత్రము ఏ కాలమునను అట్లు ఇచ్చినట్లు కానరాదు.

ఇక ప్రేక్షకుని వైపు చూతము. శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతమున లేదు. జనుల నోళ్లలో పెరిగి, నాటకములలో స్థిరపడినది. 1936లోనే ఈ కథ తెలుగు టాకీగా వచ్చినది. కాబట్టి 1957లో కృష్ణా మండలమున తొలిసారి ఈ చిత్రమును చూచినవాడు సైతము నిజమునకు రెండవసారి చూచుచున్నవాడే. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చునని అతనికి ముందే తెలియును. తెలిసినదానిని ఎట్లు చేయుదురో చూచుటకే అతడు వచ్చెను. పద్యనాటకములలో ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి, అప్పుడే విన్న పద్యమును నటునిచే మరల పాడించుకొన్న సభ్యుల సంతతి యిది. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకముల పద్యములు కంఠస్థము కానివారు ఆనాడు మా ప్రాంతమున అరుదు. అయినను పందిళ్లు నిండెడివి. నాటకరంగమున స్థిరపడిన ఈ మరపురాని అలవాటును సినిమాహాలు వారసత్వముగా పొందినది. నటుడు మరల పాడు వీలు తెరపై లేకపోవుటచే, ప్రేక్షకుడే మరల రావలసివచ్చెను.

వచ్చుటయు అంత సులభము కాదు. ప్రకాశము బ్యారేజి 1957 డిసెంబరులో గాని ప్రారంభము కాలేదు. మాయాబజారు విడుదలయైన వేసవిలో కృష్ణ కీవల నున్నవారు బెజవాడ హాళ్లకు పోవలెనన్న రైలునో పడవనో ఆశ్రయింపవలసినదే. పోలేనివారు ఫిల్ము పెట్టె తమ ఊరికి దిగువఱకు వేచియుండెడివారు. ప్రతులు కొద్దిగా నుండుటచే కొత్త చిత్రము మొదట పెద్ద పట్టణములలో ఆడి, పిదప చిన్న ఊళ్లకు వచ్చుచుండెను. వ్యాపారులు ఏ, బి, సి సెంటర్లని చెప్పుకొను విభజన ఇదియే. ఈ క్రమమున ఒక ఫలిత మున్నది. బెజవాడలో ఒకసారి చూచినవాడు తన ఊరికి అదే పెట్టె వచ్చినపుడు నేల టికెట్టుతో మరల చూచును, చూడనివారికి ముందే వ్యాఖ్యానము చెప్పును. పునర్దర్శనము విలాసముగా గాక పంపిణీ పద్ధతిలోనే ఇమిడియున్నది.

మరల చూచినవానికి కలుగు లాభ మేమి? ఈ చిత్రమున అభిమన్యుడు తక్క పాండవులు తెరపై కనిపింపరు. తొలిసారి చూచినవారిలో ఈ సంగతిని గమనించువారు మిక్కిలి కొలది. కథా నిర్వహణము అంత నేర్పుతో లోటును కప్పివేసినది. మాయాశశిరేఖగా సావిత్రి ప్రదర్శించిన నడకలో, తల విసురులో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుని పోకడలు ఎట్లు తొంగిచూచునో కూడ మఱుసారి చూచినపుడే తీరికగా తెలియును. ప్రథమ దర్శనమున నవ్వితిమి. ద్వితీయ దర్శనమున ఆ నవ్వు ఎట్లు పుట్టినదో కనుగొంటిమి. బహుమతి సంఘములు వరుసగా పెక్కు చిత్రములను చూడవలసినవి; ఈ తీరిక వానికి చిక్కుట కష్టమని న్యాయముగా ఒప్పుకొనవలెను.

పింగళి నాగేంద్రరావుగారు ఈ చిత్రమున ‘వీరతాడు’ అను మాటను ప్రయోగించిరి. మెచ్చుకొనదగిన పని చేసినవానికి వీరతాడు వేయుట ఘటోత్కచుని కొలువున మర్యాద. ఆ మాట చిత్రమును దాటి వాడుకలోనికి వచ్చినది. నేటికిని ఎవడైన చతురముగ మాటాడిన అతనికొక వీరతాడు వేయుమందురు. పతకము పొందని చిత్రము పతకమునకు ప్రజల భాషలో పేరు పెట్టినది. అర్థపరిణామమును పరిశీలించు విద్యార్థులు అసమదీయ, తసమదీయ శబ్దములతోపాటు దీనిని గూడ గ్రహింపదగును.

సావిత్రి ప్రసక్తి వచ్చినది గనుక ఒక విషయము చెప్పవలెను. ఆమె జన్మస్థలమైన చిర్రావూరు మంగళగిరికి పొరుగు గ్రామము. ఇంతటి నటికి కేంద్ర ప్రభుత్వపు ఉత్తమనటి బహుమతి ఏల రాలేదని మా ప్రాంతమువారు ఆవేదనతో అడుగుట కలదు. దీనికి పక్షపాతమును కారణముగ చెప్పువారును గలరు. చరిత్రకారుని సమాధానము వేఱు. 1967 నాటి చిత్రముల వఱకు కేంద్ర పురస్కారములలో నటీనటులకు ప్రత్యేక బహుమతియే లేదు. ఆ సంవత్సరమునకే నర్గీస్, ఉత్తమ్‌కుమార్ తొలిసారిగ దానిని పొందిరి. రాష్ట్ర ప్రభుత్వపు నంది బహుమతులు 1964లో ఆరంభమై, తొలి స్వర్ణనంది ‘డాక్టర్ చక్రవర్తి’కి దక్కినది, నటులకు నందులు 1977లో గాని రాలేదు. సావిత్రి 1981 డిసెంబరులో మరణించినది. అనగా ఆమె ప్రతిభ ఉచ్చస్థితి నున్నపుడు గెలుచుటకు బహుమతి లేదు. బహుమతి వచ్చునప్పటికి ఆ దశ గడచినది. సహనటుడగు రంగారావు నర్తనశాలలోని కీచక పాత్రకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున ఉత్తమనటుడుగా ఎన్నికగుట ఈ లోటును మఱింత స్పష్టము చేయును: నూజివీటి బిడ్డకు నటుడుగా పట్టము కట్టుటకు సముద్రము దాటవలసివచ్చెను. 2018లో నాగ్ అశ్విన్ దర్శకత్వమున సావిత్రి జీవితము ‘మహానటి’ చిత్రముగ వచ్చినపుడు, ఆమె పాత్ర ధరించిన కీర్తి సురేశ్‌కు కేంద్రపు ఉత్తమనటి బహుమతి 2019లో ప్రకటింపబడినది. ఆ యేడు మా ఊరిలో జ్యోస్యము చెప్పినవా రనేకులు గెలిచిరి. వారు నటిని ఊహించిరా, లేక నలువదేండ్ల బాకీ తీరునని ఆశించిరా అను సంశయము మాకు కలదు.

రెండు తీర్పులు కలిసిన సందర్భములు లేకపోలేదు. రేపల్లె ప్రాంతపు పెదపులివర్రులో జన్మించిన కె. విశ్వనాథ్ ‘శంకరాభరణము’ 1980 ఫిబ్రవరిలో విడుదలయైనది. అయినను దానికి 1979 సంవత్సరపు పురస్కారములలో స్థానము లభించినది. విడుదల దినము గాక సెన్సారు పత్రపు దినము లెక్కకు వచ్చుటయే కారణము. ఊహాగానములు చేయువారు ఈ సూక్ష్మమును మఱచి పందెములు పోగొట్టుకొందురు. ఉత్తమ సంగీత దర్శకత్వము, గాయక గాయనీ బహుమతులతోపాటు, జనరంజకమై ఆరోగ్యకరమగు వినోదము నిచ్చు చిత్రమునకు ఏర్పరచిన బహుమతియు దానికి వచ్చినది. ఆ చివరి తరగతి 1975 నాటి చిత్రములనుండి గాని లేదు. వినోదమునకు ఒక పీట వేయుటకు సంఘమునకు ఇరువదేండ్లకు పైగా పట్టినది. ఆ పీట 1957లో ఉండియుండిన ఎవరు కూర్చుండెడివారో చెప్పుటకు జ్యోస్యము అక్కఱలేదు. కొండమీది నృసింహస్వామి భక్తుడు తెచ్చిన పానకములో సగము గ్రహించి సగము తిరిగి యిచ్చునని మా ఊరి ప్రతీతి. పతకములు పొందిన చిత్రములతో మా ప్రేక్షకుడు ప్రవర్తించు తీరును అట్లే యుండును.

పునర్దర్శనమునకు పాఠనిర్ణయ సమస్య ఒకటి కలదు. మాయాబజారు 2010 జనవరిలో రంగులద్దబడి మరల విడుదలయైనది. ఈ ప్రతి మూలము కంటె కుదింపబడినది. ధ్వనియు నూతనముగ సవరింపబడినది. మార్కస్ బార్ట్లీ వెలుగునీడలతో వ్రాసిన వెన్నెలను రంగులలో చూచినవాడు చూచినది మూలమా, వ్యాఖ్యానమా? తాళపత్ర ప్రతులను పోల్చి పాఠాంతరములను గుర్తించు శిక్షణ పొందిన మన విద్యార్థులు చలనచిత్రమును గూర్చి వ్రాయునపుడు ఏ ప్రతిని చూచితిమో చెప్పకుండుట వింతగా నున్నది. కావ్యమునకు పనికివచ్చు నియమము దీనికిని పనికివచ్చును.

ఇటీవలి సంగతులు అందఱెఱిగినవే. 2015 నాటి ‘బాహుబలి’ తెలుగున తొలిసారిగ జాతీయ ఉత్తమ చిత్రమైనది. 2023 మార్చిలో చంద్రబోస్ రచనకు, కీరవాణి బాణీకి ఆస్కారు వచ్చినది. ఆ ఆగస్టులోనే అల్లు అర్జున్‌కు ఉత్తమనటుడని జాతీయ పురస్కారము ప్రకటింపబడినది. తెలంగాణ ప్రభుత్వము 2025 జూనులో గద్దర్ పేర పురస్కారముల నిచ్చినది. ఈ వైభవమునకు భిన్నముగ నందుల చరిత్ర మూగవోయినది: 2014, 2015, 2016 సంవత్సరములకు 2017 నవంబరులో ఒక్కమాఱుగ ప్రకటనలు వెలువడి, వివాదములు చెలరేగి, పిమ్మట చాల ఏండ్లు నిలిచిపోయినవి. ఊహించువారికి ఊహించుటకు బహుమతి లేకపోయెను. అట్టి కాలముననే, 2022 ఆగస్టులో ‘పోకిరి’ మరల విడుదలయైనది మొదలు, పాతచిత్రములను హాళ్లలో తిరిగి చూచు వేడుక తెలుగుదేశ మంతట వ్యాపించినది. ఒకటి రెండవదానికి కారణమని మేము చెప్పము. ఆ ప్రదర్శనములలో నటుడు పెదవి కదపకముందే హాలంతయు సంభాషణను ఒప్పగించుచున్నది. వన్స్‌మోర్ అనవలసిన పని లేకుండ, ప్రేక్షకులే ముందుగా పలికివేయుచున్నారు.