చూరు అంచున నీటి నడక: లింగంపేట పరిసరాల పైకప్పులు

లింగంపేట అనగానే చరిత్రకారులకు స్ఫురించేది నాగన్న బావి. నీటిని నిలుపుకొనే ఆ మెట్ల బావికి లభించిన పరిశీలన, నీటిని ఇంటిలోనికి రానీయని చూరుకు లభించలేదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కురిసిన అతిభారీ వర్షాలు ఈ ఉపేక్షను సరిదిద్దవలసిన అవసరాన్ని ముందుకు తెచ్చాయి.

కప్పు సాధారణంగా నడుమ కంటె అంచునందే ముందు చెడుతుంది. కాకతీయ శిల్పులు ఈ సంగతి ఎరిగినవారే. రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్ప ఆలయంలో ప్రసిద్ధ మదనికలు నిలిచింది చూరు కిందనే. వాటి సౌందర్యాన్ని వర్ణించిన వారు, గోడను దాటి వాలిన ఆ చూరు వాననీటిని దూరంగా రాల్చుతుందన్న విషయాన్ని తరచు విస్మరించారు.

గ్రామాలలో ఇదే ప్రయోజనాన్ని గూనపెంకు నెరవేర్చింది. కుమ్మరి సారెపై గొట్టంగా తీసి, నిలువునా చీల్చి, ఆవంలో కాల్చినదే గూన. కప్పే పని చూరు నుండి మొదలై కొప్పు వైపు సాగేది. అందువలన ప్రతి పై వరుసా తన క్రింది వరుసను కప్పుతుంది. వెల్లకిలా పరచిన గూన కాలువ, బోర్లించినది దానికి మూత. చివరి వరుస చూరుకర్రను దాటి బయటికి రాకపోతే నీరు కర్ర అడుగుకు మళ్లి వాసాల కొనలను కుళ్లబెడుతుంది. కోతులు కదల్చిన గూనలను వానలకు ముందే సర్దుకొనేవారు.

ఆల్సేస్‌లో గిలార్డోని సోదరులు 1841లో రూపొందించిన కొక్కెపు పెంకు, 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ నెలకొల్పిన కర్మాగారం ద్వారా దక్షిణాదికి వ్యాపించింది. తెలంగాణలో దానికి స్థిరపడిన పేరు మాత్రం బెంగుళూరు పెంకు! వాలు, అతివ్యాప్తి అనే సూత్రాలు మారలేదు.

సమతలపు మిద్దెల కథ వేరు. దక్కనులో సున్నానికి బెల్లపు నీరు, కరక్కాయ కషాయం చేర్చి గచ్చు వేసేవారు. గచ్చు తేమను పీల్చి, తిరిగి వదలుతుంది. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం పొందిన దోమకొండ కోట ఈ జిల్లాలోనిదే. అటువంటి పాత కట్టడాల గచ్చుపై తారు షీటు పరచడం హానికరం. లోపలి తేమకు పైదారి మూసుకొనిపోతుంది.

సిమెంటు స్లాబుపై షీటు తగినదే, కాని అంచున శ్రద్ధ అవసరం. తలాన్ని శుభ్రపరచి, ఆరనిచ్చి, పల్లం నుండి మెరక వైపు పరచాలి. పిట్టగోడ మూలను ముందుగా మోర్టారుతో గుండ్రంగా నింపి, షీటును గోడపైకి ఎక్కించి, పైకొనను గాడిలో బిగించాలి. చూరు వద్ద దానిని అంచు వరకే కత్తిరించరాదు. క్రిందికి మడచి నీటి కాలువ లోపలికి దించాలి. కాలువకు తూము వైపు వాలు ఉండాలి. మొదటి వాన వరకు ఆగక, నీరు పోసి చూసిన పిమ్మటనే మేస్త్రీకి మిగిలిన కూలి చెల్లించడం ఉచితం.