‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ అంటే ఏంటి? సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

ఉద్యోగం మానేసినా, బ్యాంకు లోన్ తేల్చుకున్నా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చినా ఒక మాట వినిపిస్తుంది. అదే ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’. ఆఫీసుల్లో షార్ట్‌గా ఎఫ్ అండ్ ఎఫ్ అంటారు. లెక్క మొత్తం తేలిపోయింది, ఇకపై ఒకరికొకరు ఇవ్వాల్సింది ఏమీ లేదని దీని అర్థం. అసలు బరువంతా ‘ఫైనల్’ అన్న మాటలోనే ఉంది. అందుకే సంతకం పెట్టే ముందు జాగ్రత్త అవసరం.

ఉద్యోగం మానేస్తే..

మిగిలిన రోజుల జీతం, కంపెనీ రూల్స్ ప్రకారం వాడుకోని సెలవుల డబ్బు, బోనస్, అర్హత ఉంటే గ్రాట్యుటీ కలుపుతారు. నోటీస్ పీరియడ్ పూర్తి చేయకపోయినా, అడ్వాన్స్ తీసుకున్నా ఆ మేరకు కట్ చేస్తారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం.. రాజీనామా చేసినా, తొలగించినా జీతం బకాయిని రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీకి గడువు 30 రోజులు. పీఎఫ్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది ఈపీఎఫ్‌వోలో మీ ఖాతాలోనే ఉంటుంది.

లోన్ విషయంలో..

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఉదాహరణకు రూ.2 లక్షల బాకీకి రూ.1.20 లక్షలు కడితే చాలని బ్యాంకు ఒప్పుకుందనుకుందాం. బాకీ తీరినట్టే. కానీ క్రెడిట్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని పడుతుంది. అంటే పూర్తిగా కట్టలేదని లెక్క. రేపు హోమ్ లోన్‌కి వెళ్తే ఇదే అడ్డం పడొచ్చు. వీలైతే మొత్తం కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవడమే మేలు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో..

డబ్బు ఇచ్చే ముందు కంపెనీ డిశ్చార్జ్ వోచర్‌పై సంతకం అడుగుతుంది. తక్కువ ఇచ్చారనిపిస్తే భయపడక్కర్లేదు. ఆ సంతకాన్ని అడ్డం పెట్టుకుని, ఎక్కువ పరిహారం కోసం కోర్టుకో, వినియోగదారుల ఫోరానికో వెళ్లే హక్కును కాదనకూడదని ఐఆర్‌డీఏఐ 2015లోనే కంపెనీలకు స్పష్టం చేసింది.

సంతకానికి ముందు..

* ఏ పద్దు కింద ఎంత ఇచ్చారో, ఎంత కట్ చేశారో రాతపూర్వకంగా అడగండి.
* ఖాళీలున్న కాగితంపై సంతకం వద్దు.
* లెక్క నచ్చకపోతే ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని సంతకం పక్కనే రాయండి. ఇంగ్లిష్‌లో దీన్నే ‘అండర్ ప్రొటెస్ట్’ అంటారు.
* కాపీ మీ దగ్గర ఉంచుకోండి. తర్వాత వివాదం వస్తే అదే మీకు ఆధారం.